సాపు చెయ్యని పేగు

గ్యాసట, గ్యాసు! మూడు దినాల నుంచి కట్టుకున్నోడు మంచం మీద మెలికలు తిరిగిపోతుంటే, తెల్లకోటు వేసుకున్న ప్రతి మనిషీ వచ్చి, కడుపు మీద రెండు వేళ్ళు పెట్టి టకటకా కొట్టి, "గ్యాసమ్మా, తగ్గిపోతుంది" అని చెప్పి పోతున్నారు. ఒకాయన సోడా తాగించమన్నాడు. ఒకామె వాము నమిలించమంది. వాము నమలడానికి దవాఖాన దాకా రావాల్నా, మా ఇంట్లో వాము డబ్బా లేదా అని తుల్జాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమె మొగుడు లింబాజీ మాంసం కొట్టు నడిపే మనిషి. ముప్పై ఏళ్ళుగా కత్తితోనే కాపురం. వేలు తెగితే ఇంత పసుపు అద్దుకుని మళ్ళీ మొద్దు ముందు కూర్చునే రకం. అట్లాంటోడు నొప్పి వచ్చిందంటే మోకాళ్ళు గదుమకు ఆనించుకుని "అవ్వా, సచ్చిన్నే" అని అరుస్తున్నాడు. పది నిమిషాలు అరుస్తాడు. తర్వాత నొప్పి ఎవరో పిలిచినట్టు లేచిపోతుంది. చెమట తుడుచుకుని చాయ్ అడుగుతాడు. అరగంటకో గంటకో మళ్ళీ మొదలు.

ఖర్మ ఏమిటంటే, డాక్టర్లు వచ్చేది ఎప్పుడూ నొప్పి లేని వేళే. వాళ్ళు వచ్చేసరికి ఈ మహానుభావుడు దిండుకు ఆనుకుని, పక్క మంచం ముసలాయనకు తలకాయ కూరలో గసగసాలు ఎప్పుడు వెయ్యాలో చెబుతుంటాడు. నిన్న స్కానింగ్ తీసింది కూడా అట్లాంటి వేళే. అంతా శుభ్రంగా ఉందని కాగితం ఇచ్చారు.

"దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, నొప్పి పోయినంక ఫోటో దీస్తే ఏం కనబడతది?" అని అడిగింది తుల్జాబాయి. స్కానింగ్ పిల్లవాడు ఆమె వైపు జాలిగా చూశాడు. ఆ చూపు చూస్తే ఆమెకు చెంప పగలగొట్టాలనిపించింది.

ఇవాళ పొద్దున లింబాజీ పచ్చగా వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత బాత్రూమ్‌కి వెళ్ళి వచ్చి, మొహం తెల్లగా పెట్టుకుని, "ఏమే తుల్జా, ఎర్రగ జిగురు లెక్క పడ్డదే" అన్నాడు. అప్పుడే మళ్ళీ నొప్పి అందుకుంది. తుల్జాబాయి అతని చొక్కా పైకి జరిపి, బొడ్డుకు కుడివైపు అరచెయ్యి ఆనించి పట్టుకుంది. చేతి కింద జానెడు పొడుగున ఒక చుట్ట తగిలింది. గట్టిగా ఉంది. బిగుసుకుంటూ ముందుకు జరిగింది.

పదో ఏట నుంచి పేగులు కడుగుతున్న చెయ్యి అది. ఆ చుట్ట ఏమిటో తోలు మీంచి కూడా తెలిసిపోయింది.

* * *

డ్యూటీ డాక్టరు నిహారిక. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, కళ్ళ కింద నల్లగా ఉంది. తుల్జాబాయి ఆమెను వరండాలో అడ్డం పడి ఆపింది.

"డాక్టరమ్మా, గ్యాసు గాదు. పేగుల పేగు దూరింది."

"ఏం దూరిందమ్మా?"

తుల్జాబాయి మాటలు దండగనుకుంది. డాక్టరమ్మ కోటు చెయ్యి పట్టుకుని, మణికట్టు దగ్గరి గుండీని లోపలి నుంచి వేళ్ళతో పట్టి మోచేతి వైపు లాగింది. "ఇగో, ఈ చెయ్యి పేగనుకో. ఈ గుండీ లోపల కర్సుకున్న గింజ. పేగు దీన్ని తిండి అనుకొని ముందుకు నూకుతది. ఇదేమో గోడను ఇడిసిపెట్టది. అప్పుడేమైతది? గోడనే ముందుకు పోతది. సూడు."

కోటు చెయ్యి తనలోకి తానే పోయి, రెండు మడతల లావు చుట్టయి కూర్చుంది. నిహారిక దానివైపు చూసింది.

"దాన్ని ఇంటస్ససెప్షన్ అంటారమ్మా. చంటిపిల్లల జబ్బు. పెద్దవాళ్ళలో చాలా అరుదు. పేగు అడ్డుపడి వచ్చిన పెద్దవాళ్ళు నూరు మంది ఉంటే అందులో ఒకరో ఇద్దరో, మహా అయితే ఐదుగురు."

"అరుదంటే లేదనా?"

"లేదని కాదు..."

"ఆ నూరుల ఒక్కడు ఎవడో ఒకడు గావాలె గద! ఆ ఒక్కడు మా ఆయన గాడని ఏడనన్న రాసిపెట్టి ఉన్నదా? అరుదు, అరుదు అనుకుంట సచ్చేదాంక సూస్తరా?"

వరండాలో జనం తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది తుల్జాబాయి. నిహారికకు కూడా కోపం వచ్చింది, కానీ దిగమింగుకుని, "పెద్దవాళ్ళలో ఊరికే రాదమ్మా. లోపల గడ్డ లాంటిది ఏదో ఒకటి ఉండాలి. దాన్ని పట్టుకునే పేగు..." అని మధ్యలో ఆగిపోయింది. ఆమె కళ్ళు గుండీ మీద పడ్డాయి.

"మీ ఆయన గింజ మింగారు కదూ."

"ఐదు నెలలాయె."

నిహారిక చేతిలోని ట్యాబ్ తీసి గబగబా వేలితో జరిపింది. "ల్యాబు ఇచ్చిన పుస్తకంలో ఉంది చూడండి. నలభై మేకల మీద పరీక్ష చేశారు. తొంభై రోజులు గింజ పెట్టారు. పుండ్లు మూడు. పేగు మడత సున్నా. నలభైకి సున్నా అమ్మా. అందుకే మేమెవరం ఆ వైపు ఆలోచించలేదు."

తుల్జాబాయి గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

"ఆ సున్నా నేను జేసిందే డాక్టరమ్మా" అంది.

* * *

గింజ అంటే పొలంలో మొలిచేది కాదు. మింగేటప్పుడు బియ్యపు గింజంత ఉంటుంది. చిన్నపేగులోకి దిగి, పల్లేరుకాయ లెక్క సన్నటి ముళ్ళతో గోడను పట్టుకుంటుంది. నీళ్ళు పీల్చి చింతగింజంత ఊరుతుంది. ఇక అక్కడే కూర్చుని ఏడాది పాటు రోజూ కొంచెం కొంచెం షుగరు మందు వదులుతుంది. సూది లేదు, గోలి లేదు, మర్చిపోవడం లేదు. దాన్ని తయారుచేసింది సుధీంద్ర సారు. వాళ్ళమ్మకు షుగరుతో కాలు తీసేశారట. ఇంకే అమ్మకూ ఆ గతి పట్టొద్దని పన్నెండేళ్ళు కూర్చుని చేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తుల్జాబాయికి ఇంత కోపం వచ్చేది కాదు, అదే అసలు బాధ.

ల్యాబులో ఆమెను పెట్టుకుంది మేకల పేగులు కడగడానికి. గింజ పెట్టిన మేకను తొంభయ్యో రోజున మందిచ్చి పడుకోబెట్టేవాళ్ళు. తుల్జాబాయి పేగు తీసి, పిసరంత కూడా చిరగకుండా నీళ్ళతో కడిగి, తెల్ల టేబుల్ మీద సాపుగా పరిచేది. సారు వచ్చి గింజ పట్టుకున్న చోట ఫోటోలు తీసుకునేవాడు. రిజిస్టరులో ఆమె "పేగు సాపుగ ఉన్నది" అని రాసి సంతకం పెట్టేది. ఏడో తరగతి దాకా చదివింది, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. చదువుకున్న పిల్లలు ఐదుగురు ప్రయత్నించి పేగు చింపుకున్నాక ఆమెను వెతికి తెచ్చుకున్నారు. "మీ చేతులు మాకు బంగారం" అన్నాడు సారు. ఆ మాటకు ఆమె నాలుగేళ్ళు పొంగిపోయింది.

ఇక మడత సంగతి. మాంసం కొట్టే ఆరె కటికోళ్ళ ఇళ్ళలో బోటి, అంటే పేగులు, కడిగేది ఆడవాళ్ళే. తుల్జాబాయికి తల్లి నేర్పిన మొదటి నీతి ఒకటుంది: మడతపడ్డ పేగు గిరాకీ కంట పడొద్దు. చూశాడంటే జీవానికి రోగమంటాడు, ఊరంతా చెబుతాడు, కొట్టు మూతపడుతుంది. అందుకని నీళ్ళలో ఉండగానే, ఎవరూ చూడకముందే లాగి సాపు చెయ్యాలి. అది తప్పు దాచడమని ఎవరూ అనుకోరు. పనితనం అనుకుంటారు. పెళ్ళిచూపుల్లో కూడా చెప్పుకుంటారు, మా పిల్ల కడిగితే బోటి మల్లెదండ లెక్క ఉంటదని.

మడతలు రెండు రకాలని కూడా తల్లే చెప్పింది. జీవం పోయాక పడేది చావు మడత. రెండు వేళ్ళతో లాగితే జారి వచ్చేస్తుంది. బతికి ఉండగా పడేది బతుకు మడత. ఎర్రగా ఉబ్బి, అంటుకుని ఉంటుంది. దాన్ని లాగాలంటే బలం కావాలి, ఓపిక కావాలి. ముదిరితే ఎంత లాగినా రాదు, చిరుగుతుంది.

ల్యాబు మేకల్లో ఆమెకు బతుకు మడతలు ఏడు దొరికాయి. ఆరింటిని ఆలోచించకుండానే సాపు చేసింది. చెయ్యి దానంతట అదే పోయింది. సారు వచ్చేలోపు పేగు మల్లెదండ కావాలి గదా! ఏడోదాన్ని సాపు చెయ్యడానికి పావుగంట పట్టింది. అప్పుడు ఆమెకు మనసులో ఏదో గీరుకుంది. చేతులు తుడుచుకుని సారు గదికి పోయింది.

"సార్, ఈ పేగుల పేగు దూరి ఉండె. జల్ది రాలే. బతికున్నప్పుడే దూరినట్టు కొడుతున్నది నాకు."

సుధీంద్ర కంప్యూటరు మీంచి తల ఎత్తలేదు. "లాగితే వచ్చిందా, లేదా?"

"వచ్చింది, గని..."

"వచ్చిందిగా. చచ్చిపోయాక పేగుల్లో అలాంటివి మామూలే తుల్జాబాయ్. సాపు చేశావుగా? పరిచెయ్, వస్తున్నా."

అంతే. ఒక్క ప్రశ్న అడిగాడు, దానికి జవాబు ఇచ్చింది. అది వానాకాలం. దసరా తర్వాత మనుషులకు గింజలు ఇవ్వడం మొదలుపెట్టారు. లింబాజీకి షుగరు ఎక్కువ. వారానికి ముప్పై జీవాలను కోసే మనిషికి సూదంటే వణుకు, నర్సును చూస్తే కొట్టు వదిలి పారిపోయేవాడు. తుల్జాబాయే సారును బతిమాలి అతని పేరు రాయించింది. మింగేటప్పుడు నీళ్ళ గ్లాసు అందించింది కూడా ఆమే.

* * *

"పెద్ద స్కానింగ్ ఇప్పుడే తియ్యాలి, నొప్పి ఉండగానే" అంది నిహారిక. "కానీ గింజ మింగినవాళ్ళకి పెద్ద స్కానింగ్ అన్నా ఆపరేషన్ అన్నా ల్యాబు సంతకం కావాలి. ఒప్పంద కాగితంలో అలా ఉంది."

"మనిషి పానం కన్న కాగితం ఎక్కువనా?"

"సుధీంద్ర గారికి ఫోన్ చేశానమ్మా. ఒప్పుకోవడం లేదు. నలభై మేకల్లో లేనిది మనిషిలో ఎలా వస్తుంది, గ్యాసుకు మందివ్వండి, కడుపు కోస్తే పరీక్ష మొత్తం పాడవుతుంది అంటున్నారు."

దవాఖాన, ల్యాబు ఒకే కాంపౌండులో ఉన్నాయి, రెండిటికీ యజమాని ఒక్కడే. తుల్జాబాయి లింబాజీ దగ్గరికి పోయింది. అతను నొప్పి మధ్యలో ఆమె కొంగు పట్టుకున్నాడు. "యాడికి పోతున్నవే?" అని అడిగాడు. ముప్పై ఏళ్ళలో అతను అట్లా అడగడం అదే మొదలు.

"నీ కోసమే పోతున్న. నేనొచ్చేలోపల సచ్చినవనుకో, నా సేతుల అయిపోతవు" అని కొంగు విడిపించుకుంది.

"నేనూ వస్తా" అంది నిహారిక, సంతకం పెట్టాల్సిన కాగితం చేతిలోకి తీసుకుని.

ల్యాబు కోల్డ్‌రూమ్ తాళం ఎక్కడుంటుందో తుల్జాబాయికి తెలుసు. కొత్తగా రెండేళ్ళ గింజ అని ఒకటి మొదలుపెట్టారు, దానికి కొత్త మేకలు. అందులో నలభై ఒకటో నంబరు మేక నాలుగు రోజుల కింద నెమరు వెయ్యడం మానేసి, వెనకకాలితో కడుపు తన్నుకోవడం ఆమె చూసింది. తర్వాత మొగుడి గొడవలో పడి సెలవు పెట్టింది. ఇవాళ చూస్తే షెడ్డులో దాని గొలుసు ఖాళీగా ఉంది. పొద్దున చచ్చిపోయిందట. రిజిస్టరులో "జ్వరం" అని రాసి ఉంది. కోసి, పేగు తీసి, స్టీలు బేసిన్‌లో పెట్టి ఉంచారు. కడిగే మనిషి మూడు రోజులుగా లేదు కాబట్టి అది అట్లనే ఉంది. ఎవరి చెయ్యీ పడలేదు.

తుల్జాబాయి బేసిన్ ఎత్తి చంకన పెట్టుకుని సారు గదిలోకి నడిచింది. తలుపు తట్టలేదు. ఫోటోల కోసం తెల్ల టేబుల్ అక్కడే ఉంది. పేగును దాని మీద కుమ్మరించింది. నీళ్ళు కారి కాగితాలు తడిశాయి.

సుధీంద్ర లేచి నిలబడ్డాడు. "ఏమిటిది? తుల్జాబాయ్, నీకేమైనా మతి..."

"ఈసారి సాపు చెయ్యలే సార్. ఎట్ల దొరికిందో అట్లనే తెచ్చిన. సూడు."

పేగు మధ్యలో మూరెడు మేర నల్లగా, లావుగా ఉబ్బి ఉంది. చివర పేగు పేగులోకి దూరిన చోట అంచు కనబడుతోంది. సుధీంద్ర ఒకసారి చూసి ఊపిరి పీల్చుకున్నాడు. "చచ్చిపోయాక పడిన మడత ఇది. నీకు ముందే చెప్పాను. డాక్టర్ నిహారికా, మీరైనా చెప్పండి."

నిహారిక ఉబ్బిన చోటి మీదికి వంగి చూస్తోంది.

"ఓ, సచ్చినంకనా!" తుల్జాబాయి గొంతు లేచింది. "సచ్చినంక పడ్డదైతే రెండు వేళ్ళతోని జారొస్తది. నా సేతులతోని వద్దు, మల్ల నేనే ఏదో జేసిన్నంటవు. నువ్వు లాగు సార్. నీ సేతులతోని లాగు. జారొచ్చిందంటే నేను నోర్మూసుకొని పోత, మల్ల నీ గడప తొక్క."

"ఇది పద్ధతి కాదు..."

"లాగు!"

చేతికి తొడుగులు వేసుకున్నాడు. మనిషి భయపడ్డాడో, తన మాట నిజం చేసుకోవాలనుకున్నాడో, రెండు చివరలూ పట్టుకుని మెల్లగా లాగాడు. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. తుల్జాబాయి కళ్ళార్పకుండా అతని వేళ్ళనే చూస్తోంది. ఇరవై మూడు పట్టాలు, బహుమతులు గోడ మీద అద్దాల్లో ఉన్నాయి, ఆ వేళ్ళకు మాత్రం ఏమీ తెలియదు. మూడోసారి లాగేసరికి పేగు పుటుక్కుమని చిరిగింది. కుళ్ళిన వాసన గది నిండా కొట్టింది. చిరిగినచోట, లోపలికి దూరిన పేగు కొసన, చింతగింజంత తెల్లటిది గోడను పట్టుకుని కూర్చుని ఉంది.

ముగ్గురూ దాన్నే చూశారు.

"ఎన్ని?" అన్నాడు సుధీంద్ర. "మొదటి నలభైలో ఎన్ని?"

"ఏడు. ఆరు నేనే సాపు జేసి సెప్పకుంట ఊకున్న, నా తప్పు. ఏడోది నీకొచ్చి సెప్పిన, నీ తప్పు. ఇప్పుడు సంతకం పెట్టు."

సుధీంద్ర చెయ్యి జేబులోకి పోయింది. పెన్ను కోసమనుకుంది తుల్జాబాయి. ఫోన్ తీశాడు. తడి తొడుగుల వేళ్ళకు నంబరు పడక, తొడుగు పళ్ళతో లాగి పారేశాడు. "అమ్మా? అమ్మా, నీకు కడుపులో నొప్పి ఏమైనా వస్తోందా? వచ్చి పోయే నొప్పి? నిజం చెప్పమ్మా..."

గింజ మింగిన రెండు వందల పన్నెండు మందిలో ఒకటో నంబరు అతని తల్లి. ఆ సంగతి ల్యాబులో అందరికీ తెలుసు. అందరూ గొప్పగా చెప్పుకునేవాళ్ళు. తుల్జాబాయికి ఆ నిమిషాన అతని మీద జాలి కలిగింది, జాలి వెనకాలే ఒళ్ళంతా మండిపోయింది. టేబుల్ మీద అరచేత్తో చరిచింది.

"మీ అమ్మకు ఒక్క మాట అడగనీకె తొడుగు పండ్లతోని పీకినవు. ఆడ మా ఆయన మూడు దినాల సంది సస్తున్నడు! పెట్టు సంతకం, తర్వాత సేస్కో ఫోను!"

అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే సంతకం పెట్టాడు. కాగితం మీద పేగు నీళ్ళ మరక పడింది. నిహారిక కాగితం లాక్కుని పరుగెత్తింది. తుల్జాబాయి చెప్పులు ఎక్కడ విడిచిందో గుర్తులేదు, వట్టి కాళ్ళతో వెనకాల పరుగెత్తింది.

* * *

స్కానింగ్‌లో గుండ్రాల్లో గుండ్రాలు, అంటే పేగులో పేగు, కనబడ్డాయట. మధ్యాహ్నం పన్నెండున్నరకు లోపలికి తీసుకుపోయారు, మూడింటికి బయటికి వచ్చారు. సర్జను పెద్దాయన, మాస్కు కిందికి లాగి, "బతుకుతాడమ్మా. రేపటిదాకా ఆగుంటే చెప్పలేకపోయేవాణ్ణి. మూరెడు పేగు తీసేశాం" అన్నాడు. తీసేసింది ఇంటివాళ్ళకు చూపించడం ఆ దవాఖానలో అలవాటు. నర్సు ట్రే తెచ్చి గుడ్డ తీసింది.

తుల్జాబాయి జన్మలో ఎన్ని వేల పేగులు చూసిందో లెక్క లేదు. ఇది మొగుడిది. అదే నలుపు, అదే ఉబ్బు, అదే అంచు. ఆమె చేతులు రెండూ వాటంతట అవే ముందుకు పోయాయి, లాగి సాపు చెయ్యడానికి. ట్రే దాకా పోయాక చూసుకుని వెనక్కి తీసుకుని చంకల్లో అదుముకుంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"అట్లనే ఉండనియ్యమ్మా" అంది నర్సుతో. "ఎవ్వల్ని ముట్టనియ్యకు. అట్లనే ఫోటో దియ్యిరి."

లింబాజీకి మర్నాడు పొద్దున మాట వచ్చింది. "ఎంత దీసిన్రే?" అని అడిగాడు. మూరెడు అని చెప్పింది. "మూరెడా! కిలో బోటికి సరిపోను గద" అని నవ్వబోయి, కుట్లు లాగి మూలిగాడు. తుల్జాబాయికి నవ్వు రాలేదు. మింగేటప్పుడు గ్లాసు అందించిన చేత్తోనే చెంచాతో నీళ్ళు తాగించింది.

పది గంటలకు యజమాని తరఫున ఒక వకీలు వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆమె వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివింది. కడిగే పనిమనిషి అజ్ఞానం వల్ల ఫలితాలు తారుమారయ్యాయని, శాస్త్రవేత్తలకు తెలియదని, విచారణ పూర్తయ్యేదాకా మిగతావాళ్ళకు చెప్పాల్సిన అవసరం లేదని ఉంది.

"విచారణ ఎన్నొద్దులు పడతది?"

"ఒక నెల పట్టొచ్చమ్మా."

"నెలల ఎంతమంది సస్తరో అది గూడ రాసినవా ఇండ్ల?"

వకీలు సర్దుకుని కూర్చున్నాడు. "మీ మీద కేసు కాకుండా చూస్తున్నాం. జనానికి చెబితే ముందు మీరే ఇరుక్కుంటారు. ఆలోచించుకోండి."

"నా తప్పు నాకు తెల్వక గాదు, నువ్వు నాకు నేర్పకు. నా తప్పు నేను రాసుకుంట. మీది మీరు రాసుకోరి. మీ పెంట గూడ నా నెత్తిన రుద్దితే ఊకుంట అనుకున్నవా?" కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని చొక్కా జేబులో దోపింది. ఇస్త్రీ నలిగింది.

తిన్నగా ల్యాబుకు పోయి రిజిస్టరు తీసింది. పాత సంతకాల కింద, ఏడు చోట్ల, గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఇది సాపుగ లేకుండె. బతుకు మడత. నేను లాగి సాపు జేసిన. తుల్జాబాయి." ఏడోదాని కింద ఇంకొక లైను రాసింది: "సారుకు సెప్పిన." రాసి తల ఎత్తేసరికి సుధీంద్ర గుమ్మంలో ఉన్నాడు. రాత్రంతా తల్లి దగ్గర కూర్చున్నాడట. ఆమెకేమీ లేదు, అయినా గింజ తీయించడానికి చేర్పించి వచ్చాడు. రిజిస్టరు దగ్గరికి వచ్చి చదివాడు. పెన్ను అడిగి, ఆ లైను కింద "చెప్పింది నిజం" అని రాసి సంతకం పెట్టాడు. తుల్జాబాయి అతన్ని ఓదార్చలేదు. కోపం ఇంకా అట్లనే ఉంది.

"గింజ మింగినవాళ్ళ జాబితా యజమాని మనుషులు ఇవ్వరు" అన్నాడు. "నా దగ్గర ఉంది."

మొత్తం పేర్లలో సగం అతను తీసుకున్నాడు. సగం తుల్జాబాయి, నిహారిక తీసుకుని లింబాజీ మంచం పక్కనే కూర్చున్నారు. తుల్జాబాయి ఫోన్ కలుపుతుంది, నొప్పి సంగతి అడుగుతుంది. అవునన్నవాళ్ళ పేరు పక్కన గీత పెట్టి నిహారికకు అందిస్తుంది. ఆమె బండి పంపుతుంది. మధ్యాహ్నానికి గీతలు నాలుగయ్యాయి. ఒకాయన, నాకేం నొప్పి లేదు ఎందుకు సతాయిస్తున్నారని కసురుకున్నాడు. ఒకామె నాలుగు రోజులుగా వాము నమలుతున్నానంది. వాము ఊంచేసి ఉన్నపళంగా బండెక్కమంది తుల్జాబాయి.

అరవై ఒకటో పేరు ఓదెమ్మ, యాభై రెండేళ్ళు. మంథని దగ్గరి ఊరు. గింజ మింగింది దసరా తర్వాత. పక్కన ల్యాబువాళ్ళు "ఫోన్ ఎత్తుట లేదు" అని రాసి వదిలేశారు. మూడోసారి కలిపితే ఎవరో ముసలాయన ఎత్తాడు.

"ఓదెమ్మ ఉన్నదా అయ్యా?"

"లేదు బిడ్డా. పదకొండొద్దులాయె."

తుల్జాబాయి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. "ఏమైందయ్యా?"

"ఏమో బిడ్డా. కడుపుల నొస్తున్నదని మొత్తుకున్నది. గంటసేపు మంచిగనే ఉండేది, మల్ల మొదలు. మా ఊరి డాక్టరుకు సూపిచ్చినం. గ్యాసన్నడు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. వానాకాలం, ఏడో మేక, పావుగంట. ఆ పావుగంట లాగకుండా పేగును అట్లనే టేబుల్ మీద పెట్టి ఉంటే ఈ ఫోను ఓదెమ్మే ఎత్తేది. లింబాజీ ఆమె మొహం చూసి, "ఎవలే?" అన్నాడు. నిహారిక చెయ్యి చాపింది, నేను మాట్లాడతా ఇవ్వండి అన్నట్టు. తుల్జాబాయి ఇవ్వలేదు.

"అయ్యా, ఫోను పెట్టకు. గ్యాసు గాదు అది. నా పేరు తుల్జాబాయి. మీ ఓదెమ్మ మింగిన గింజను ముందుగాల మేకలకు పెట్టిన్రు, ఆ మేకల పేగులు కడిగింది నేనే. నీకొక సంగతి సెప్పాలె. ఇన్నంక నువ్వు ఎన్ని తిట్లు తిట్టినా, ఎంతసేపు తిట్టినా, నేను ఫోను పెట్టను."

అవతల మంచం కిర్రుమన్న చప్పుడైంది, ముసలాయన కూర్చున్నట్టున్నాడు.

"సెప్పు" అన్నాడు.

ఆమె మొదటి మేక నుంచి మొదలుపెట్టింది.